తల వంచే అద్దం

భద్రమ్మ తన బతుకులో చూసిన జగడాలు అన్నీ ఇన్నీ కావు. ఉరవకొండలో రోడ్డు పక్కన ముగ్గుపిండి, పసుపు, కుంకుమ, దీపం వత్తులు అమ్మే తోపుడు బండి వెనక ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి దగ్గరికి జగడాలు వాటంతట అవే నడిచి వస్తాయి. వాటిలో సగానికి ఆమె కూడా ఒక చెయ్యి వేసేది. కానీ నోరు మూసుకుని చివరిదాకా చూసి, చూసినందుకు కడుపు నిండిన జగడం మాత్రం ఒకటే. అది పక్క షెడ్డు గంగాధరప్ప గెలిచింది.

నారాయణ అని ఒక వేరుశెనగ వ్యాపారి. తన జీపు ఎడమ తలుపు సరిగా మూసుకోవడం లేదని గంగాధరప్ప దగ్గర బాగు చేయించుకుపోయాడు. కొన్నాళ్ళకే ఆ జీపును తెచ్చి షెడ్డు ముందు ఆపి, దిగకుండానే హారన్ కొట్టాడు.

“ఏమప్పా గంగాధరా, తలుపు చేసినావా, జల్లెడ చేసినావా? రాయదుర్గం పోయొచ్చేలోపల నా మొగం నేనే గుర్తు పట్టలే. అంతా దుమ్మే!”

గంగాధరప్ప లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అడిగాడు. “దుమ్ము నా తలుపులో నుంచే వచ్చిందా?”

“మల్ల యాడి నుంచి వస్తాది, ఆకాశం నుంచి రాలిందా?”

“ఇంటికి పోయి తెల్లంగీ వేసుకోని రాన్నా. ఉతికింది.”

నారాయణకు ఆ మాట తల, తోక అర్థం కాలేదు. అయినా చుట్టూ జనం ఉన్నారు, వెనక్కి తగ్గితే పరువు పోతుంది. పోయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గంగాధరప్ప అతన్ని జీపులో నడుమ కూర్చోబెట్టి రెండు తలుపులూ మూశాడు. కాయలు ఒలిచే మిషను దగ్గర నుంచి గోతాలకు గోతాలు ఎర్రమట్టి కలిసిన పొట్టు తెప్పించి, అక్కడి ఆడకూలీల చేత చేటలతో జీపుకు రెండు పక్కలా ఎగరబోయించాడు. అసలే ఆషాఢం గాలి. కొంతసేపు జీపే కనబడలేదు. లోపల నుంచి నారాయణ దగ్గు మాత్రం వినబడుతూ ఉంది.

తీరా దిగి చూసుకుంటే చొక్కా కుడి సగం ఎర్రమట్టి రంగు, ఎడమ సగం ఇస్త్రీ మడత కూడా చెడలేదు.

“ఇప్పుడు చెప్పన్నా. నేను చేసిన తలుపు ఏ పక్కది?”

నారాయణ చొక్కాను రెండు పక్కలా చూసుకుని, తాళంచెవి బల్ల మీద పెట్టి, “కుడిపక్కది కూడా చెయ్యి” అని నడిచిపోయాడు. ఆరోజు భద్రమ్మ నవ్వు ఆపుకోలేక కుంకుమ డబ్బా బోర్లా వేసుకుంది.

గంగాధరప్ప అలాంటి మనిషి. వాళ్ళ నాయన ఎద్దులబండి చక్రాలకు ఇనుపకట్టు వేసే కమ్మరి. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక కొలిమి చల్లారింది. ఆయన అరుగు మీద కూర్చుని దారిన పోయే టైర్ల వైపు శత్రువుల్ని చూసినట్టు చూస్తూ కాలం వెళ్ళదీశాడు. గంగాధరప్ప మాత్రం అనంతపురం పోయి ఒక లారీల షెడ్డులో చేరాడు. ఇంజన్ పని నేర్పమంటే అక్కడి ఉస్తాదు, “ఇంజన్ కాడ ఇప్పటికే ఎక్కువ మంది ఉండారు, నువ్వు తలుపు చూడుపో” అన్నాడట. తలుపు చూస్తూ చూస్తూ దానికే అంకితమైపోయాడు. ఊరికి తిరిగొచ్చి షెడ్డు పెట్టి, తలుపులు, అద్దాలు మాత్రమే అని బోర్డు రాయించాడు. ఇంజన్ చెడిందని ఎవరైనా వస్తే బానెట్ కూడా ఎత్తడు. “దుమ్ము యాడి నుంచి వస్తాది? ఇంజన్లో నుంచా? నేను దుమ్ముతో యుద్ధం చేసేవాన్ని. ఇంకోదానితో నాకు సంబంధం లేదు” అంటాడు.

ఆ మాటలో పొగరు ఉంది, నిజమూ ఉంది. ఆ నేల మీద వాన అడిగితే రాదు, దుమ్ము అడగకుండానే వస్తుంది. అన్నంలో, కళ్ళలో, కొత్త చీర మడతల్లో. అలాంటి చోట బిగుతుగా మూసుకునే తలుపు చేసిచ్చే మనిషికి ఎంత గౌరవం ఉంటుందో అంత గౌరవం గంగాధరప్పకు ఉండేది.

ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. తలుపు బాగు చేశాక భద్రమ్మ బండి దగ్గరికి వచ్చి గుప్పెడు ముగ్గుపిండి తీసుకుంటాడు. అడిగి తీసుకోడు. ఆమె తిట్టకుండా ఇవ్వదు. తలుపు అంచున ఉండే రబ్బరుకు తడిగుడ్డ రాసి, దాని మీద ఆ పిండి చల్లి, తలుపు గట్టిగా మూసి తెరుస్తాడు. ఎదుటి ఇనుము మీద తెల్లగీత పడుతుంది. గీత తెగకుండా చుట్టూ తిరిగితే తలుపు బాగున్నట్టు. ఎక్కడ తెగిందో అక్కడ సందు ఉన్నట్టు. ఆ తరువాత కీళ్ళకు, తాళానికి వేరుశెనగ నూనె చుక్క వేస్తాడు. ఇంతే. బస్సు అయినా, లారీ అయినా, ఎమ్మెల్యే గారి కారయినా ఆయనకు ఇదే పరీక్ష.

కానీ ఈ మధ్య షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి. కొత్త కార్లు అనంతపురం కంపెనీ షెడ్లకు పోతున్నాయి. కొడుకు సందీప్ సోలార్ పలకల కంపెనీలో పని చేస్తాడు. అక్కడే నాయనకు కాపలా ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. నీడన కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు, దుమ్ముతో పని లేదు అంటాడు. గంగాధరప్ప భార్య మహేశ్వరికి కూడా అదే ఇష్టం. గంగాధరప్ప మాత్రం ఎప్పుడడిగినా “చూస్తాం” అనేవాడు. ఆయన “చూస్తాం” అంటే లేదు అని అర్థమని భద్రమ్మకు తెలుసు. కొడుక్కి తెలియదు.

అలా ఉండగా తిప్పేష్ ఆ కారు తెచ్చాడు.

తిప్పేష్ తాత గొర్రెలు కాశాడు. తిప్పేష్ పెళ్ళిళ్ళకు బ్యాండు, లైట్లు, ఊరేగింపు గుర్రం బాడుగకు ఇస్తాడు. కరువులో గుర్రానికి గడ్డి కొనలేక దాన్ని అమ్మేసి, బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన టాపు లేని కారు కొన్నాడు. టాపు లేదంటే అసలు లేదని కాదు. నెత్తిన గుడ్డ టాపు ఉంది. బటను నొక్కితే మడుచుకుని వెనక్కి పోతుంది. కనకాంబరం రంగు. రోడ్డు మీద పోయేవాళ్ళంతా దాని చుట్టూ మూగారు. భద్రమ్మ కూడా లేచి వచ్చి చూసింది.

“ఏందిరా తిప్పేషా, ఇది కారా, గొడుగా?”

“కారే అవ్వా. ఆదివారం కణేకల్‌లో పెండ్లి ఊరేగింపుకు ఒప్పుకున్న్యా. ఇదే దీనికి మొదటి పెండ్లి. ఎడమపక్క అద్దం పూర్తిగా పైకి రావడం లేదు. టాపు వేసుకోని వస్తాంటే సందులో నుంచి మట్టి అంతా సీటు మీదికి వస్తాంది. పెండ్లికూతురు కూర్చునే సీటు. మామా, నువ్వే చూడల్ల.”

గంగాధరప్ప జేబులో నుంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. కొత్త బండి వస్తే ఆయన చేసే మొదటి పని అదే. అప్పుడే సందీప్ ఫోన్ చేశాడు. గంగాధరప్ప గొప్పగా కారు సంగతి చెప్పాడు. ఫోన్లో కొడుకు గొంతు భద్రమ్మ బండి దాకా వినబడింది.

“నాయనా, దాన్ని ముట్టుకోవద్దు. దాంట్లో అంతా కంప్యూటరే ఉంటాది. నీకు తెలీదు.”

నీకు తెలీదు అనే మాట గంగాధరప్పను ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆయన ముఖం నల్లబడింది.

“వినురా సందీపా. ఆదివారం నువ్వు ఎట్లాగూ వస్తాండావు కదా. అప్పటికి ఈ తలుపుకు ఏం రోగమో నేను కనుక్కుంటే ఈడనే ఉంటా, ఇంక నువ్వు కాపలా మాట ఎత్తకూడదు. కనుక్కోలేకపోతే షెడ్డుకు తాళం వేసి నీ వెనకాలే వస్తా. బాగు చేయడం కాదు, కనుక్కోవల్ల. సరేనా?”

అవతల నుంచి సందీప్ సంతోషంగా సరే అన్నాడు. ఆ సంతోషం విని భద్రమ్మకు ఒళ్ళు మండింది. గంగాధరప్ప పోతే ఆ షెడ్డులోకి ఏ మొబైల్ రీచార్జి దుకాణమో వస్తుంది. అందులో కూర్చునేవాడు తిడితే పడతాడా, తిరిగి అంటాడా?

గంగాధరప్ప పనిలో దిగాడు. తలుపు పిడి పట్టుకుని లాగాడు. తలుపు తెరుచుకునే లోపే, ఎవరూ ముట్టకుండా, అద్దం వేలెడంత కిందికి దిగింది.

ఆయన చెయ్యి తీసేశాడు. తలుపు మూశాడు. అద్దం తనంతట తానే పైకి లేచింది, కానీ గుడ్డ టాపు అంచును తాకకుండా ఆగిపోయింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ దిగింది. కారు చుట్టూ తిరిగి కుడి తలుపు తెరిచాడు. అదీ దిగింది. మూస్తే, అది పూర్తిగా పైకి వచ్చి రబ్బరులో దూరింది.

“తిప్పేషా, నిన్ను బాగా మోసం చేసినారు. రెండు తలుపులూ చెడినాయి. ఇది ఎక్కువ చెడింది, అది తక్కువ చెడింది.”

“కాదు మామా. తలుపు తీస్తే అద్దం దిగడం దాని గుణమంట. బెంగుళూరాయన చెప్పినాడు.”

“గుణమా? తలుపు తీస్తే తలుపు తెరుచుకోవల్ల. మధ్యలో అద్దానికి ఏం పని? ఎవురు పిలిచినారు దాన్ని?”

తిప్పేష్‌కూ తెలియదు. తల గోక్కున్నాడు. గంగాధరప్ప సైకిల్ ట్యూబు ముక్క కోసి, మడిచి, దిగకుండా అద్దం పక్కన గట్టిగా బిగించాడు. పాత బస్సులకు జారిపోయే అద్దాలను ఆయన అలాగే నిలబెట్టేవాడు. ఇప్పుడు తలుపు తీస్తే అద్దం దిగలేదు. “చూసినావా గుణం!” అని గర్వంగా తలుపు మూశాడు. అద్దం పై అంచు పోయి గుడ్డ టాపు కింది రబ్బరుకు తగిలి కీచుమంది. తలుపు మూసుకోలేదు. తిప్పేష్ తన తలకే తగిలినట్టు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

“పగిలిపోతాది మామా! వద్దు మామా!”

భద్రమ్మ ఇక ఊరుకోలేకపోయింది. కొంగు దోపుకుని వచ్చి, కారును ముందు నుంచి వెనక దాకా చూసి అంది.

“మా ఆయన పొడుగు. మా ఇంటి వాకిలి పొట్టి. బతికున్నన్నాళ్ళూ తల వంచి దూరేవాడు, లోపలికి పోయినాంక తల ఎత్తేవాడు. మల్ల బయటికి రావాలన్నా అంతే. ఈ అద్దానికి పైన ఇనుప చట్రం లేదు. గుడ్డ కింద దూరల్ల. అందుకు తల వంచుతాంది. దానికి ఆ మాత్రం బుద్ధి ఉండాది. నీకే లేదు.”

గంగాధరప్ప ట్యూబు ముక్క పీకేశాడు. తలుపు తెరిచి మూసి, తెరిచి మూసి, అద్దం వంగి లేవడం చూస్తూ కూర్చున్నాడు. తల వంచడం రోగం కాదు. వంచిన తల పూర్తిగా ఎత్తకపోవడం రోగం. అంతవరకు తేలింది. కానీ తేలినకొద్దీ ఇంకో అయోమయం పుట్టుకొచ్చింది.

“అక్కా, మీ ఆయనకు కండ్లు ఉండె. వాకిలి వచ్చిందని తెలిసె. తలుపు తీస్తాండారని ఈ అద్దానికి ఎట్ల తెలుస్తాది?”

“నన్నడుగుతావేమప్పా? నేను బడికి పోయింది ఒక ఎండాకాలం. నువ్వేమో తలుపుల డాక్టరువి.”

మర్నాడు ఆయన తలుపు లోపలి అట్ట విప్పాడు. అద్దం జారే గాడి నిండా ఎర్రమట్టి. దాన్ని దువ్వెన పళ్ళతో గీకి తీశాడు. తన దువ్వెనతో! దాన్ని బట్టి ఆయన మనసు ఎంత దూరం పోయిందో భద్రమ్మకు తెలిసింది. అట్ట బిగించి తలుపు మూస్తే అద్దం హాయిగా పైకి పోయి రబ్బరులో ఒదిగింది. లోపలి లైటు ఆరింది. గంగాధరప్ప టీ తెప్పించాడు. భద్రమ్మకు కూడా ఒక గ్లాసు పంపాడు. అది ఆయన మామూలుగా చేసే పని కాదు.

టీ తాగి, అలవాటు చొప్పున వచ్చి గుప్పెడు ముగ్గుపిండి తీసుకున్నాడు.

“నా పిండి ఏమన్నా నీ పెండ్లికి పెట్టిన సారె అనుకున్నావా?” అని ఆమె కూడా అలవాటు చొప్పునే అంది.

ఆయన రబ్బరు తడిపి, పిండి చల్లి, తలుపు దబదబా మూసి తెరిచాడు. గీత ఎక్కడా తెగలేదు. తాళంలో నూనె చుక్క వేశాడు. ఒకటి చాలదని ఇంకొకటి వేశాడు. తలుపు మళ్ళీ మూశాడు. వంగిన అద్దం వంగినట్టే ఉండిపోయింది. లోపల లైటు ఆరలేదు. స్టీరింగు ముందున్న పలక మీద తలుపు తెరిచినట్టు ఒక ఎర్ర బొమ్మ వెలుగుతూనే ఉంది.

“మూసినా కదా!” అన్నాడు గంగాధరప్ప కారుతో.

ఎర్ర బొమ్మ ఒప్పుకోలేదు.

తలుపు మూసి ఉంది. చేత్తో తోసి చూశాడు, నడుముతో నెట్టి చూశాడు. బండి మాత్రం తెరిచే ఉందని అంటుంది. గంగాధరప్ప ఇన్నేళ్ళూ తలుపులతో మాట్లాడాడు కానీ తలుపు ఎదురు మాట్లాడటం ఇదే మొదలు. మళ్ళీ అట్ట విప్పాడు. గాడి శుభ్రంగా ఉంది. అద్దం సాఫీగా కదులుతోంది. రోగం లేదు, కానీ ఉంది. సాయంత్రం లోపలి లైటు వెలిగి వెలిగి బ్యాటరీ దిగిపోతుందని, వెనక డిక్కీలో దాని వైరు పీకి ఇంటికి పోయాడు. ఆ రాత్రి సంగటి ముద్ద కూడా పూర్తి చేయలేదని మహేశ్వరి తరువాత చెప్పింది.

ఆదివారం పొద్దున వైరు తగిలించాడు. ఎర్ర బొమ్మ వెలిగింది. కుడి తలుపు తెరిచి మూశాడు, అదైనా బాగుంది కదా అని. ఇన్నాళ్ళూ బుద్ధిగా పైకి పోయిన కుడి అద్దం కూడా పూర్తిగా లేవకుండా ఆగిపోయింది.

గంగాధరప్ప నేల మీద కూర్చున్నాడు. కుర్చీ పక్కనే ఉంది, అయినా నేల మీదే కూర్చున్నాడు. తల దువ్వుకోలేదు.

“ఎడమది చెడితే నేను చూస్తాంటి. కుడిదాన్ని నేను ముట్టుకోలేదే! అదెందుకు చెడింది? దీన్ని చూసి అది నేర్చుకుందా?”

భద్రమ్మ రెండు అద్దాలనూ మార్చి మార్చి చూసింది.

“పానాలు సర్దుతా” అని ఆయన లేచి, పనిముట్ల పెట్టె తెరిచి, ఒక్కొక్కటే తుడిచి లోపల పెట్టడం మొదలుపెట్టాడు. “సందీప్ బస్సు ఎక్కినాడంట. తిప్పేష్ కూడా బయలుదేరినా అని ఫోన్ చేసినాడు. వస్తే చెప్తా. నా చేత కాలేదని చెప్తా. ఆడ కుర్చీ ఇస్తారంట. నీడ ఉంటాదంట.”

ఆ మాటలు విన్నాక భద్రమ్మకు కోపం అరికాలి నుంచి లేచింది. ఆమె నేరుగా పోయి ఎడమ తలుపు తెరిచి, పెళ్ళికూతురు కూర్చునే సీటులో కూర్చుంది. తలుపు లాక్కుంది. లోపల మెత్తగా ఉంది. అలాంటి మెత్తదనం మీద కూర్చుని కోప్పడటం కష్టమే, అయినా కోప్పడింది. ముందుకు వంగి, రెండు సీట్ల మధ్య ఉన్న అద్దాల స్విచ్చుల మీద అరచెయ్యి ఆన్చి, దిగిన అద్దం సందులో నుంచి బయటికి అరిచింది.

“కుర్చీ ఇస్తారా? కుర్చీ! పలకలు ఎవుడన్నా ఎత్తుకపోతాడని కాపలా ఉంటావా? ఆ పలకలతో ఏం మాట్లాడతావు? మీ నాయన కొలిమి ఆరినాంక అరుగు మీద కూర్చోని దారిన పోయే టైర్లకు శాపాలు పెట్టలేదా? నీకూ అదే కావాల్నా? నారాయణ చొక్కాను సగం ఎర్రగా చేసినోడివి, ఒక అద్దం మాట వినలేదని పెట్టె సర్దుతావా? చెడితే చెడింది. తెలీకపోతే తెలీలేదు. నాకు తెలీనివి ఈ భూమ్మీద ఎన్ని లేవు? నేనేమన్నా బండి తోయడం మానేసినానా?”

ఆమె అరుస్తూనే ఉంది. అరచేతి కింద స్విచ్చులు నొక్కుకునే ఉన్నాయి. ఇద్దరి కళ్ళూ ఒకరి మీద ఒకరివే ఉన్నాయి తప్ప కుడి అద్దం వైపు ఎవరూ చూడలేదు. చివరికి ఆమెకు ఆయాసం వచ్చింది. తలుపు తోసుకుని దిగి, వెనక్కి తిరిగి, కోపమంతా చేతిలోకి తెచ్చుకుని తలుపును విసిరి కొట్టింది. కారు కారంతా ఊగింది.

లోపల లైటు ఆరిపోయింది. ఎర్ర బొమ్మ మాయమైంది. ఎడమ అద్దం నెమ్మదిగా లేచి టాపు రబ్బరులో దూరి కూర్చుంది. కుడి వైపు చూస్తే, అదీ ఎప్పుడో పైకి పోయి ఉంది.

ఒక లారీ పోయింది. దాని దుమ్ము వచ్చి కారు మీద వాలింది.

గంగాధరప్ప చేతిలోని పానా అలాగే పట్టుకుని వచ్చి ఎడమ తలుపు తెరిచాడు. అద్దం వంగింది. మూశాడు. లేచింది. కుడిది తెరిచాడు, మూశాడు. అదీ అంతే. టాపు బటను నొక్కాడు. గుడ్డ మడుచుకుని వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. కాసేపటికి చెయ్యి తీసేశాడు, ఇంకోసారి ముట్టుకుంటే మనసు మార్చుకుంటుందేమో అన్నట్టు.

“ఏం చేసినావక్కా?”

“ఏం చేయలే. తిట్టినా.”

“ఎవురిని?”

“నిన్నే. ఇంకెవురిని?”

“నన్ను తిడితే అద్దం ఎందుకు లేస్తాది?”

“నాకేం తెలుసు! లేచింది కదా. తిప్పేష్ వచ్చి తీసుకోని పోతాడు. సందీప్‌కు చూపిస్తాం, బాగయింది చూడరా అని. వాడు వచ్చిన బస్సుకే ఎక్కి పోతాడు. అయిపోయింది గదా!”

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. వంగి తలుపు అంచులో తాళం దగ్గర ముఖం పెట్టి చూశాడు. అగ్గిపుల్ల తీసి లోపల గెలికాడు. పుల్ల కొనకు తెల్లగా ముద్ద అంటుకుని వచ్చింది. చెక్కకు పూసే లప్పంలా ఉంది. వాసన చూశాడు. పుల్లను ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. వేరుశెనగ నూనె వాసన. అందులో కలిసింది ఏ పిండో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని జల్లించింది ఆమే.

“ఇది నాది” అన్నాడు మెల్లగా. “నా నూనె, నీ పిండి. తలుపు మూసుకుందని బండికి చెప్పేది ఈ తాళంలోనే యాడో ఉంటాదేమో. దాని నోట్లో నేనే మట్టి కొట్టినట్టుంది. నువ్వు విసిరి కొడితే ఊడి పడిందా? అట్లయితే కుడిది ఎందుకు చెడింది? దానికి పిండి వేయలేదే. బ్యాటరీ వైరు పీకినందుకా? పీకితే చెడితే, తగిలించినాంక బాగు కావల్ల గదా? కాలేదే. నువ్వు ఆ స్విచ్చుల మీద చెయ్యి పెట్టినావు, అందుకా? ఎంతసేపు పెట్టినావు?”

“తిట్టినంతసేపు.”

“అయ్యో, దేవుడా!” అన్నాడు. ఆమె తిట్లకు కొలత లేదని ఆయనకు తెలుసు.

భద్రమ్మకు తల తిరిగింది. బాగైనదాన్ని పట్టుకుని చెడిందన్నట్టు ఏడవటం ఆమె ఎక్కడా చూడలేదు. “ఏదైతేనేమప్పా? బాగయింది. ఒప్పుకో.”

“నేను బాగు చేస్తానని చెప్పలే. కనుక్కుంటానని చెప్పినా. నువ్వూ విన్యావు.” ఆయన పుల్ల మీది తెల్లముద్దను కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు. “తెలీకుండానే బాగయింది. రేపు ఇట్లాంటిది ఇంకోటి వస్తాది. అప్పుడు ఏం చెయ్యల్ల? నిన్ను పిలిపించి తిట్టించల్లనా? సందీప్ అడిగితే ఏం చెప్పల్ల? భద్రక్క కోపానికి బాగయింది అని చెప్పల్లనా?”

దూరంగా మోటారు సైకిల్ చప్పుడు వినబడింది. రోడ్డు మలుపులో తిప్పేష్. పెళ్ళి కదా, ఆయన చొక్కా దూరం నుంచే మెరుస్తోంది. గంగాధరప్ప పనిముట్ల పెట్టె దగ్గరికి పరిగెత్తినట్టు పోయి, తుడిచి సర్దిన పానాలన్నీ మళ్ళీ నేల మీద గుమ్మరించాడు. చిన్న స్క్రూడ్రైవర్ ఏరుకుని తిరిగొచ్చి తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“ఒరే, ఏం చేస్తాండావు? బాగుండాది గదా! ఊరేగింపు ఉండాది! విప్పినాంక మల్ల మూసుకోకపోతే? ఆ పిల్ల కణేకల్‌లో అలంకారం చేసుకోని ఎదురు చూస్తాంటాది!”

“సందీప్ వచ్చేలోపల ఈ తాళంలో ఏముందో నేను చూడల్ల. చూసి, మల్ల మూస్తా. మూసుకుంటాది.” స్క్రూడ్రైవర్ మొన చొక్కాకు తుడిచాడు. “మూసుకుంటాదనే అనుకుంటాండా.”

మోటారు సైకిల్ దగ్గరికి వచ్చేసింది. గంగాధరప్ప స్క్రూడ్రైవర్ మొన తాళంలో పెట్టి, తల ఎత్తకుండా, ఆమెను ఇంతకు ముందు ఎప్పుడూ ఏ సాయమూ అడగని మనిషి, పిండిని కూడా అడగకుండా తీసుకునే మనిషి, అడిగాడు.

“అక్కా, నీకు దండం పెడతా. పోయి ఆ తిప్పేష్‌ను నీ బండి కాడనే ఆపు. పెండ్లికి పసుపు మంచిది తీసుకోమను, కుంకుమ చూడమను, వాళ్ళ తాత గొర్రెల కథ అడుగు, ఏమన్నా చెయ్యి. నేను పిలిచేదాకా వాన్ని ఈ పక్కకు రానీయొద్దు.”